గ్రేట్ స్లేవ్ సరస్సులో నాన్నగారితో ఐదు రోజులు: పట్టిన చేపను వదలడం గురించి ఒక సందేహం

ఎడ్మంటన్ వాసి | జూలై 21, ఉదయం 9:10

ఈ వేదికలో చేపల వేట గురించి ఇదివరకు జరిగిన చర్చలు ఎక్కువగా ఆల్బర్టా చెరువులకే పరిమితమయ్యాయి కాబట్టి, ఈ నెల మొదట్లో నాన్నగారితో కలిసి నార్త్‌వెస్ట్ టెరిటరీస్‌లోని గ్రేట్ స్లేవ్ సరస్సుకు వెళ్ళివచ్చిన సంగతి కొంచెం వివరంగా రాస్తున్నాను. చివర ఒక సందేహం ఉంది; నిజానికి ఆ సందేహం కోసమే ఇదంతా.

మాది గౌతమి పాయ ఒడ్డున చేపలు పట్టి బతికిన కుటుంబం. తాతగారు నావ మీద వల వేసేవారు. నాన్నగారు చదువుకుని బడిపంతులు అయ్యారు. పదవీ విరమణ చేశాక మొదటిసారి కెనడా వచ్చిన ఆయనకు మాల్‌లూ జలపాతాలూ చూపించినా ముఖంలో పెద్దగా కదలిక కనిపించలేదు. అందుకని ఈ ప్రయాణం పెట్టుకున్నాను. మన వైపు లాడ్జి అంటే బస్టాండు పక్కన గదులు అద్దెకిచ్చే మేడ గుర్తుకొస్తుంది గాని, ఇక్కడ ఆ మాటకు అర్థం వేరు. దారి లేని చోట, నీటి ఒడ్డున, దుంగలతో కట్టిన పది పన్నెండు గుడిసెలు, ఒక భోజనశాల, ఒక డీజిల్ జనరేటరు, రేవులో కట్టేసిన అల్యూమినియం పడవలు ఉంటాయి. పక్క ఊరు అనే మాట అక్కడ చెల్లదు.

ఎడ్మంటన్ నుంచి యెల్లోనైఫ్‌కు విమానంలో రెండు గంటల లోపే చేరాము. అక్కడి నుంచి నీటి మీద వాలే ట్విన్ ఆటర్ విమానంలో సరస్సు తూర్పు పాయకు, అంటే ఈస్ట్ ఆర్మ్‌కు వెళ్ళాలి. విమానం ఎక్కే ముందు సామాను తూకం వేస్తారు. మా మూటలు పరిమితి దాటడంతో అమ్మ పంపిన ఆవకాయ జాడీ యెల్లోనైఫ్ రేవు గదిలోనే ఉండిపోయింది. నాన్నగారు మాత్రం చొక్కా జేబులో కారం, పసుపు, చింతపండు పొట్లాలు దాచుకున్నారని తరువాత తెలిసింది.

ఈ సరస్సు విస్తీర్ణం 27,000 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. మన కొల్లేరు అభయారణ్యం 308 చదరపు కిలోమీటర్లు. లెక్క మీరే వేసుకోండి. లోతు 614 మీటర్లు. ఉత్తర అమెరికాలో ఇంతకన్నా లోతైన సరస్సు లేదు. మంచు జూన్ చివరికి గాని పూర్తిగా కరగదు. మేము వెళ్ళిన రోజుల్లో రాత్రి పదకొండున్నర దాకా పొద్దు గుంకేది కాదు, తెల్లవారుజామున నాలుగు కాకుండానే మళ్ళీ వచ్చేసేది. నాన్నగారు మొదటి రోజు రాత్రి పది గంటలకు ఎండలో కూర్చుని, "సంధ్యావందనం చేసుకునేవాళ్ళు ఇక్కడ ఏం చేస్తారురా?" అని అడిగారు.

మా గైడు అక్కడి ఆదివాసులైన డెనె జాతికి చెందిన యువకుడు. పడవ కదిలే ముందు అతను చిటికెడు పొగాకు తీసి నీళ్ళలో వదిలాడు. నేను అర్థం అడిగేలోపే నాన్నగారు జేబులోంచి ఒక రూపాయి బిళ్ళ తీసి అదే నీళ్ళలో వేసి దండం పెట్టారు. రాజమండ్రి వంతెన మీద రైలు వెళ్తుంటే ఆయన గోదావరికి ఎన్నిసార్లు అలా బిళ్ళలు వేశారో చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు. అయినా ఆ క్షణం నుంచీ వాళ్ళిద్దరూ ఒక జట్టు, నేను దుబాసీని.

మూడో రోజు స్పూన్ అనే చెంచా ఆకారపు బరువైన లోహపు ఎరను లోతుకు దింపి పడవ నెమ్మదిగా నడుపుతుండగా నాన్నగారి గాలానికి ఒక లేక్ ట్రౌట్ తగిలింది. ఇరవై నిమిషాలకు పైగా పెనుగులాడి పడవ పక్కకు తెచ్చారు. గైడు దాన్ని నీళ్ళలోనే వలలో ఉంచి పొడవు కొలిచి, పాతిక పౌన్ల దాకా ఉంటుందనీ, దాని వయసు నా వయసు కంటే ఎక్కువే కావచ్చుననీ చెప్పి, గాలం తీసి వదిలేశాడు. నేను ఫొటో తీసుకున్నాను. నాన్నగారు ఆ సాయంత్రం వరకూ మాట్లాడలేదు. పడవ దిగాక, "తినని చేపని గాలానికి తగిలించడం ఏమిటిరా? ప్రాణంతో ఉన్నదాన్ని అంతసేపు ఏడిపించి వదిలేసి, దయ చూపించామని మురిసిపోవడమా?" అన్నారు.

సభ్యులను అడిగేది ఇదే. పట్టి వదిలేయడం చేపకు మేలా, మన సరదాకు మనం చెప్పుకునే సాకా?


కోటిపల్లి రేవు | జూలై 21, మధ్యాహ్నం 1:45

ఎడ్మంటన్ వాసి గారూ, మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. ఆయన మాట మా రేవులో ఎవరిని అడిగినా అదే అంటారు. చేపను పట్టేది కూరకో, అమ్మకానికో. మూడో కారణం మా పెద్దలకు తెలియదు.

అయితే మన వైపు పద్ధతి గొప్పదని చెప్పుకోవడానికి నాకు నోరు రావడం లేదు. వరద నీరు ఎర్రబడగానే సముద్రంలోని ఇలస గుడ్లు పెట్టడానికి గోదావరికి ఎదురెక్కి పులస అవుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర దాని దారి ఆగిపోతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే మనం వలలు కడతాము, గుడ్లతో ఉన్న చేపకే ఎక్కువ ధర ఇస్తాము. పుస్తెలమ్మి అయినా పులస తినాలని సామెత చెప్పుకుని మురిసిపోతాము గాని, పుస్తెలు అమ్మినా దొరకని రోజు వస్తుందని ఆ సామెత చెప్పినవాళ్ళు ఊహించి ఉండరు. సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేటకు నిషేధం ఉంది కాబట్టి అక్కడ చేపకు అరవై ఒక్క రోజుల ఊపిరి దొరుకుతుంది. ఏటికి ఎదురెక్కే పులసకు అలాంటి ఊపిరి దొరకడం మా కంటికైతే కనబడలేదు.

కాబట్టి తినని చేపను పట్టవద్దన్న మాటతో పాటు, తినే చేపను ఎప్పుడు పట్టకూడదో కూడా చెప్పుకోవాలి.


మంచినీటి జీవి | జూలై 21, రాత్రి 8:20

నేను చదివిన శాస్త్రం మత్స్య విజ్ఞానం కాబట్టి కొంత చెప్పగలను.

పేరులో ట్రౌట్ ఉన్నా లేక్ ట్రౌట్ నిజానికి చార్ అనే తెగకు చెందిన చేప. చల్లని నీటిలో, ఏడాదిలో చాలా నెలలు మంచు కింద బతికే ఈ చేప చాలా నెమ్మదిగా పెరుగుతుంది. ఉత్తరాది సరస్సుల్లో పదేళ్ళు దాటితే గాని గుడ్లు పెట్టే ఈడుకు రాదు. వచ్చాక కూడా ఏటా పెట్టదు, రెండు మూడేళ్ళకు ఒకసారి పెడుతుంది. చెవిలోని చిన్న రాయిని కోసి, అందులోని వలయాలను చెట్టు మాను వలయాల్లా లెక్కపెట్టి వయసు చెబుతారు. యాభై ఏళ్ళు దాటిన చేపలు అలాగే బయటపడ్డాయి. మీ గైడు మాటలో అతిశయోక్తి లేదు. 1995లో గ్రేట్ బేర్ సరస్సులో గాలానికి పడి రికార్డుకెక్కిన లేక్ ట్రౌట్ 72 పౌన్లు తూగింది. అంత బరువు రావడానికి దానికి ఎన్ని దశాబ్దాలు పట్టి ఉంటుందో ఊహించండి.

ఇలాంటి చేపను మన చెరువులోని బొచ్చెతో పోల్చలేము. బొచ్చె ఏడాది తిరిగేసరికి కూరకు వస్తుంది. గ్రేట్ స్లేవ్‌లో 1945లో వాణిజ్య వేట మొదలైన తరువాత పడమటి భాగంలో లేక్ ట్రౌట్ బాగా తగ్గిపోయింది. తూర్పు పాయలో ఈ రోజుకీ పెద్ద చేపలు కనిపిస్తున్నాయంటే, ఆ పాయను వాణిజ్య వలలకు దూరంగా ఉంచడం దానికి ఒక ముఖ్య కారణం.

అయితే వదిలిన చేపలన్నీ బతుకుతాయని చెప్పడం అబద్ధం. ఎరను మింగి గాలం గొంతులో దిగిన చేపకు, ఎక్కువసేపు నీటి బయట ఉంచిన చేపకు బతికే అవకాశం తగ్గుతుంది. అందుకే అక్కడ గాలం కొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే ముల్లును నొక్కేసి వాడాలని నిబంధన ఉంది. పొడి చేతులతో పట్టుకుంటే ఒంటి మీది జిగురు పొర ఊడిపోయి తెగుళ్ళు సోకుతాయి కాబట్టి చేతులు తడుపుకోవాలి. మొప్పల్లో వేళ్ళు పెట్టి నిలువునా వేలాడదీసి ఫొటో దిగితే, ఆ బరువుకు లోపలి అవయవాలు దెబ్బతింటాయి. లోతు నుంచి పైకి వచ్చినప్పుడు లేక్ ట్రౌట్‌కు ఒక సౌలభ్యం ఉంది: దాని గాలితిత్తికి గొంతుతో సంబంధం ఉండటం వల్ల అదనపు గాలిని బుడగలుగా నోటితో వదిలేయగలదు. వాలై అనే చేపకు ఆ మార్గం లేదు. దాన్ని లోతు నుంచి పైకి లాగి వదిలితే చాలాసార్లు చస్తుంది. కనుక వదలడం మంచిదా కాదా అన్న ప్రశ్నకు చేపను బట్టి, లోతును బట్టి, పట్టేవాడి చేతిని బట్టి జవాబు మారుతుంది.

ఇంకొక విషయం. పెద్ద చేపలు చిన్న చేపలను తిని బతుకుతాయి కాబట్టి, ఏళ్ళ తరబడి వాటి ఒంట్లో పాదరసం పేరుకుంటుంది. కూరకు మూడు నాలుగు పౌన్ల చేప మంచిది. రుచి కూడా దానిదే.


మ్యూనిక్ మిత్రుడు | జూలై 22, ఉదయం 6:30

ఈ విషయంలో నేనుండే జర్మనీ చట్టం పంతులుగారి పక్షమే. ఇక్కడ తగిన కారణం లేకుండా వెన్నెముక ఉన్న జంతువును బాధపెట్టడం జంతు సంరక్షణ చట్టం ప్రకారం నేరం. తినడం తగిన కారణం, సరదా కాదు. అందువల్ల వదిలేయాలన్న ఉద్దేశంతోనే చేపను పట్టేవారి మీద కేసులు నడిచిన సందర్భాలు ఉన్నాయి. స్విట్జర్లాండ్‌లో 2009 నుంచి ఈ విషయాన్ని మరింత స్పష్టంగా నిషేధించారు. గాలం వేయాలంటే ఇక్కడ ముందు పరీక్ష రాయాలి. చేప శరీర నిర్మాణం, దాన్ని బాధ లేకుండా చంపే పద్ధతి, నీటి చట్టాలు అన్నీ చదివి పరీక్ష రాసిన రోజున, ఇంజనీరింగ్ చివరి సంవత్సరం మళ్ళీ గుర్తుకొచ్చింది నాకు.

అయినా ఒక మాట ఒప్పుకోవాలి. మా ఊరి పక్క చెరువులో చేపలను పెంచి వదులుతారు. పట్టి తింటే మళ్ళీ వదులుతారు. యాభై ఏళ్ళ చేపలున్న సరస్సుకు అదే చట్టం పెడితే, పట్టిన ప్రతి పెద్ద చేపా చావాల్సిందే. ఒక చోట న్యాయమైనది మరోచోట నష్టం చేస్తుంది.


శాకాహారి | జూలై 22, మధ్యాహ్నం 12:05

నేను చేపలు తినను, పట్టను. మా వారు మాత్రం వచ్చే వేసవికి ఇటువంటి లాడ్జికి వెళ్దామని పట్టుబడుతున్నారు. ఐదు రోజులు నాకు తిండి ఏమిటి, దోమల సంగతి ఏమిటి, ఎంత ఖర్చవుతుంది అన్న మూడు విషయాలు దయచేసి ఎవరైనా చెప్పగలరా? ధర్మాధర్మాల చర్చ తరువాత చదువుకుంటాను.


ఎడ్మంటన్ వాసి | జూలై 22, సాయంత్రం 5:40

శాకాహారి గారూ, ఖర్చు ముందే చెబుతాను: మా ఇద్దరికీ కలిపి ఒక పాత కారు ధర అయింది. సరుకులు, డీజిలు, మనుషులు అన్నీ విమానంలోనే రావాలి కాబట్టి అది అన్యాయమని అనలేను. శాకాహారమని ముందుగా రాస్తే వండిపెడతారు, కాని రుచి గురించి ఆశ పెట్టుకోకండి. అటుకులు, పొడులు, ఊరగాయ తూకం పరిమితి దాటనంత చిన్న పొట్లాలుగా తీసుకెళ్ళండి. దోమలూ నల్ల ఈగలూ జూన్ చివర, జూలైలో ఘోరంగా ఉంటాయి. డీట్ 30 శాతం ఉన్న మందు, తల మీద నుంచి వేసుకునే జాలీ చొక్కా లేకుండా రేవు దాటకండి. ఆగస్టు మధ్య నుంచి అవి తగ్గుతాయి, రాత్రులు చీకటిపడి ఉత్తర కాంతులు కూడా కనిపిస్తాయి.

రోజూ వాడే మందులు చేతిసంచిలోనే, మూడు రోజులకు అదనంగా పెట్టుకోండి. మాకు తిరుగు ప్రయాణం రోజున మబ్బు దిగి విమానం రాలేదు. లాడ్జివారు ముందుగా ఆ సంగతి చెప్పకపోవడం వల్ల నాన్నగారి రక్తపోటు మాత్రలు చివరి ఒకటి మిగిలేదాకా వచ్చింది. పడవలో ఉన్నంతసేపూ లైఫ్ జాకెట్ విప్పకండి. జూలైలో కూడా ఆ నీటిలో పడితే ఈత వచ్చిన మనిషికైనా కొద్ది నిమిషాల్లోనే చేతులు కొయ్యబారిపోతాయి.


టొరంటో బాబాయి | జూలై 22, రాత్రి 10:15

అంత ఖర్చు పెట్టలేనివారి కోసం ఒక మాట. ఉత్తర ఒంటారియోలో రోడ్డు వెళ్ళే లాడ్జీలు కూడా ఉన్నాయి. గది, పడవ అద్దెకు తీసుకుని మన వంట మనమే చేసుకోవచ్చు. ఔట్‌డోర్స్ కార్డు, చేపల లైసెన్సు తీసుకుని, ఏ వేట మండలంలో ఎన్ని ఉంచుకోవచ్చో, ఎంత పొడవు దాటినవి ఎన్ని ఉంచుకోవచ్చో ఆ సంవత్సరపు నిబంధనల్లో చూసుకోవాలి. అక్కడ దొరికేది వాలై. చీకట్లో టార్చి వేస్తే పిల్లి కళ్ళలా మెరుస్తాయి దాని కళ్ళు. పొద్దు వాలాక గాలానికి బాగా వస్తుంది. ముళ్ళు తక్కువ, కండ తెల్లన. వేపుడుకు దానిని మించినది లేదు. పైక్ కూడా దొరుకుతుంది గాని, దాని వెన్ను పక్కన చీలిన ముళ్ళు ఉంటాయి కాబట్టి పిల్లలకు పెట్టేటప్పుడు జాగ్రత్త. చేప కడిగిన చెత్త గది దగ్గర పడేస్తే ఎలుగుబంటి వస్తుంది. ఇది హాస్యానికి అనడం లేదు.

యెల్లోనైఫ్ వైపు వెళ్ళేవారు ప్రయాణ బీమా తీసుకోవడం మరవకండి. 2023 ఆగస్టు 16న కార్చిచ్చు వల్ల ఆ ఊరు మొత్తాన్ని ఖాళీ చేయమని ఆదేశించారు. దాదాపు ఇరవై వేల మంది వెళ్ళిపోవలసి వచ్చింది. అదే వారం బయలుదేరాల్సిన మా బృందం డబ్బులు సగమే వెనక్కి వచ్చాయి.


నిర్వాహకుడు | జూలై 23, ఉదయం 8:00

బీమా గురించి వచ్చిన మరో ఏడు వ్యాఖ్యలను వేరే చర్చకు మార్చాము. ఇక్కడ వేట గురించే రాయవలసిందిగా మనవి.


కోటిపల్లి రేవు | జూలై 23, మధ్యాహ్నం 2:30

ఇంతమంది ఇన్ని చెప్పారు గాని, పంతులుగారు మిగిలిన రెండు రోజులు ఏం చేశారో ఎడ్మంటన్ వాసి గారు చెప్పనే లేదు. కోపగించుకుని గదిలో కూర్చున్నారా?


ఎడ్మంటన్ వాసి | జూలై 24, రాత్రి 9:50

కూర్చోలేదు. ఆ సాయంత్రం నాన్నగారు ఏమన్నారో చెప్పమని గైడు నన్ను పట్టుపట్టి అడిగాడు. ఎక్కడ నొచ్చుకుంటాడోనని మొదట దాటవేయబోయి, చివరికి ఉన్నదున్నట్టు చెప్పాను. అతను కాసేపు ఊరుకుని, "మా నాయనమ్మ కూడా ఇదే అంటుంది, చేపతో ఆడుకోకూడదని" అన్నాడు. ఉత్తరాది డెనె పెద్దల్లో చాలామందికి ఈ పట్టి వదలడం నచ్చదట. తనంతట తాను చేతికి వచ్చిన చేపను కాదని విసిరికొడితే మళ్ళీ రాదని వాళ్ళ నమ్మకం. కాని అతని జీతం వచ్చేది ఆ ఆటలోంచే. ఆ మాట అతను అనలేదు, నాకు తోచింది.

మరుసటి రోజు నుంచి మా పద్ధతి మార్చుకున్నాము. ఉదయం ఒడ్డుకు దగ్గరగా, తక్కువ లోతులో చిన్న చేపలకు గాలం వేసి, మధ్యాహ్నం భోజనానికి సరిపడా దొరకగానే గాలాలు చుట్టేసేవాళ్ళం. లాడ్జిలో మిగతావాళ్ళు రోజుకు ముప్పై చేపలు పట్టి వదిలినట్టు లెక్క చెప్పుకుంటుంటే, మా లెక్క రెండు. డబ్బు దండగ చేస్తున్నానేమోనన్న బాధ నాకు లేకపోలేదు, అది దాచను.

ఒడ్డున గైడు చేపను ముక్కలు కోసి, పిండి అద్ది, పంది కొవ్వులో బంగాళదుంపలతో పాటు వేయించేవాడు. తలకాయ, నడిమి ముల్లు పక్కన పెడుతుంటే నాన్నగారి ప్రాణం ఒప్పలేదు. జేబులో పొట్లాలు తీసి, ఆ తలకాయలతో రాళ్ళ పొయ్యి మీద పులుసు పెట్టారు. ఉల్లిపాయ ఒకటే దొరికింది, కరివేపాకు లేదు. కొంచెం పలచబడింది కూడా. గైడు రెండుసార్లు వేయించుకుని, తలకాయ విలువ తెలిసిన అతిథి ఇన్నేళ్ళలో ఈయనొక్కరేననీ, ఇంట్లో అయితే తలకాయ నాయనమ్మకే వెళ్తుందనీ చెప్పాడు.

మిగిలిన సమయమంతా వాళ్ళిద్దరూ వలల గురించే మాట్లాడుకున్నారు. శీతాకాలంలో మీటరు మందాన గడ్డకట్టిన మంచు కింద వల ఎలా వేస్తారన్నది నాన్నగారి ప్రశ్న. గైడు ఇసుకలో పుల్లతో గీసి చూపించాడు. మంచుకు ఒక రంధ్రం చేసి, మధ్యలో గాడి, ఆ గాడిలో ఇనుప కొన ఉన్న మీట అమర్చిన ఒక పొడవాటి చెక్కను కిందికి జారవిడుస్తారు. చెక్క తేలి మంచు అడుగుకు అంటుకుని ఉంటుంది. దానికి కట్టిన తాడును పైనుంచి లాగి వదిలినప్పుడల్లా మీట మంచును తన్ని, చెక్క కొంత ముందుకు పాకుతుంది. పైన ఇంకొకడు టక్కు టక్కుమనే ఆ చప్పుడు వింటూ వెంట నడుస్తాడు. వల పొడవంత దూరం వెళ్ళాక అక్కడ రెండో రంధ్రం చేసి తాడు అందుకుంటారు. ఆ తాడుకు వల కట్టి ఇవతలి నుంచి అవతలికి లాగేస్తారు.

నాన్నగారు ఆ బొమ్మను నా నోటు పుస్తకంలో కొలతలతో సహా వేయించుకున్నారు. మా మేనత్త కొడుకు కోటిపల్లి దగ్గర పడవ నడుపుతాడు. నిన్న ఫోనులో అతనికి అరగంట సేపు అదే వివరించారు. పాతిక పౌన్ల చేప మాట ఎత్తనే లేదు. "మంచే లేనిచోట ఇదంతా మనకెందుకు మావయ్యా?" అని అతను అడిగితే, "ముందు మీట ఎలా పనిచేస్తుందో విను" అని మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టారు.